యజమాని సంతకం లేని దస్తావేజులు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో, పెద్ద దేశాలు ఒకదాని మీద ఒకటి పోటీ పడి ప్రపంచాన్ని పంచుకున్న తీరు గురించి మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగుంది, కాదనను. ఆఫ్రికా గురించి రాసినంతవరకు నాకు పేచీ లేదు. కానీ చివర్లో, నిజాం ఏలుబడిలో ఉండటం వల్ల తెలంగాణ ఆ పోటీకి దూరంగా ఉండిపోయింది, తెల్లవాళ్ల పాలన మన గడప తొక్కలేదు అన్నట్టు ఒక వాక్యం ఉంది చూడండి, అక్కడ చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. రాసినాయన ఎవరో నాకు తెలియదు. హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సులో పోయినప్పుడల్లా మునగాల దగ్గర నిద్రపోయి ఉంటారు.

నేను కోదాడలో డాక్యుమెంట్ రైటర్‌ని. ముప్పై ఏళ్లకు పైగా విక్రయ పత్రాలు, గిఫ్ట్ డీడ్లు, భాగపంపకాలు రాసుకుంటూ బతుకుతున్నాను. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు, బీకాం, అది కూడా రెండో ప్రయత్నంలో. అయితే పాత కాగితం చేతికి వస్తే అది ఎక్కడ పుట్టింది, ఎవరు రాయించారు, సాక్షులెవరు అని చూడకుండా ఉండలేని జబ్బొకటి పట్టుకుంది. ఆ జబ్బుతోనే ఈ ఉత్తరం, కాస్త పొడుగైతే క్షమించాలి, కత్తిరించినా పర్వాలేదు కానీ మునగాల ముక్క మాత్రం ఉంచండి.

మా నాన్నది మునగాల పరగణాలో ఊరు. అమ్మది సూర్యాపేట అవతల. ఎడ్లబండి కట్టుకుని పొద్దున్నే బయల్దేరితే అన్నం వేళకు చేరే దూరం. ఇంట్లో ట్రంకు పెట్టెలో రెండు వైపుల కాగితాలూ ఉన్నాయి. నాన్న వైపు కాగితాల్లో పొలం ఎకరాలు, సెంట్లు. అమ్మ వైపు ఎకరాలు, గుంటలు. నాన్న వైపువి తెలుగులో, మద్రాసు ముద్రతో. అమ్మ వైపు పాతవి ఉర్దూలో, వాటిని చదివించుకోవడానికి మా మామ సూర్యాపేటలో ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద గంటల తరబడి కూర్చునేవాడు. పెళ్లి మాటలప్పుడు కట్నం మాట రాగానే మా నాయనమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "హాలీ రూపాయలా, కల్దారా?" అని. నిజాం హాలీ సిక్కా ఏడు రూపాయలైతే ఇంగ్లీషువాళ్ల కల్దారు ఆరు. ఆ తేడా లెక్క తేలక తాంబూలాలు ఒక పూట ఆలస్యమయ్యాయని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

రెండూళ్లలోనూ అదే తెలుగు, అదే జొన్న, అదే బతుకమ్మ. మరి రెండు రూపాయలు, రెండు కొలతలు, రెండు కచేరీ భాషలు ఎందుకు? ఎందుకంటే మునగాల పరగణా మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లాలో ఉండేది. నాలుగు వైపులా నైజాం, మధ్యలో నీళ్లలో తేలే తామరాకులాగా ఇంగ్లీషు ఇలాకా. బెజవాడ నుంచి బండి మీద వస్తే జగ్గయ్యపేట దాకా ఇంగ్లీషు, కోదాడలో నైజాం, మళ్లీ మునగాలలో ఇంగ్లీషు, అది దాటితే మళ్లీ నైజాం. ఇప్పుడు బస్సులో అరగంట పట్టని దారి. మధ్యలో సరుకు మీద సుంకానికి నిజాం వారి కరోడ్‌గిరి నాకాలు. (ఇప్పుడు టోల్‌గేట్లున్నాయి, ఫాస్టాగ్‌లో బ్యాలెన్సు లేకపోతే అప్పటికీ ఇప్పటికీ తేడా ఏం కనబడదు.) ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాద్ రాష్ట్రం కలిశాక గానీ ఆ పరగణా నల్లగొండ జిల్లాలోకి రాలేదు.

ఈ తామరాకు అక్కడికి ఎలా వచ్చింది? నేను అడుగుతున్నది అదే. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే మునగాలలో దొరకదు, సూర్యాపేటలోనూ దొరకదు. పరాసువాళ్లకూ, అంటే ఫ్రెంచివాళ్లకూ, ఇంగ్లీషువాళ్లకూ ఉన్న పగలో దొరుకుతుంది.

1751లో, ఫ్రెంచివాళ్లతో చేయి కలిపిన హైదరాబాద్ పాలకుడు ముజఫర్ జంగ్ రాయచోటి దగ్గర చనిపోతే, ఫ్రెంచి దళపతి బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ను నిజాంగా నిలబెట్టాడు. సింహాసనం ఎక్కించినవాడు ఊరికే పోడు కదా. బుస్సీ సైన్యానికి జీతాలు కావాలి, ఖజానాలో డబ్బు లేదు, అందుకని 1753లో కోస్తాలోని సర్కార్లను, అంటే కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం, ఆ జీతాల కింద రాసిచ్చారు. కొండపల్లి సర్కారునే ముస్తఫానగరం అనేవారు. మునగాల ఆ సర్కారు కిందికి వచ్చే పరగణా. అదీ సంగతి. ఎక్కడో ఫ్రాన్సు నుంచి వచ్చిన సిపాయికి జీతం బకాయి పడితే మా తాతల పొలం తాకట్టులోకి వెళ్లింది.

1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. మనం దాన్ని రెండు సంస్థానాల పౌరుషం కథగా బుర్రకథల్లో విన్నాం, తాండ్ర పాపారాయుడు పేరు వస్తే ఇప్పటికీ రోమాలు లేస్తాయి. కానీ ఆ కోట మీద పేలిన ఫిరంగులు బుస్సీవి. ఫ్రెంచివాళ్లను తోడు తెచ్చుకున్న విజయనగరం రాజు విజయరామరాజు పాపారాయుడి చేతిలో పోయాక, వారసుడు ఆనందగజపతిరాజుకు ఫ్రెంచివాళ్ల మీద కోపం వచ్చి బెంగాల్‌లో ఉన్న క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవు కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడారు, మరుసటి ఏప్రిల్లో ఒక రాత్రి చిత్తడి నేలలో నడిచి వెళ్లి ఫోర్డు బందరు కోట పట్టుకున్నాడు. తమాషా ఏమిటంటే, ఫ్రెంచివాళ్లకు సాయం చేద్దామని సైన్యంతో బయల్దేరి బందరు దరిదాపుల్లోకి వచ్చిన సలాబత్ జంగే, కోట పోయిందని తెలియగానే మే నెలలో ఇంగ్లీషువాళ్లకు బందరునూ చుట్టుపక్కల ప్రాంతాన్నీ ఇనాంగా రాసిచ్చాడు. ఉదయం ఒకరికి కుదుర్చుకున్న బేరం సాయంత్రం ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేసినవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను, ఈయన వాళ్లకు పెద్దన్న.

ఆ రోజుల్లో ఇదే ఇద్దరు, ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ, అమెరికాలో ఒహాయో నది లోయ ఎవరిదని 1754 నుంచి కొట్టుకుంటున్నారు. యూరప్‌లో 1756లో అంటుకుంది. ఏడేళ్ల యుద్ధం అంటారు దాన్ని. కెనడా మంచులో, కరీబియన్ చెరకు తోటల్లో, జర్మనీ పొలాల్లో, మన చందుర్తి మెట్టలో ఒకే యుద్ధం. 1763లో పారిస్‌లో కూర్చుని సంతకాలు పెట్టినప్పుడు ఫ్రాన్సు కెనడా వదులుకుంది, చక్కెర పండే గ్వాడెలూప్, మార్టినీక్ దీవులు మాత్రం వెనక్కి తీసుకుంది, పుదుచ్చేరి, యానాం లాంటి చోట్లు దక్కాయి. యానాం 1954 దాకా వాళ్ల దగ్గరే ఉంది. కాకినాడవాళ్లు అక్కడికి ఎందుకు పోతుంటారో చెప్పక్కర్లేదు.

సర్కార్ల కథ అక్కడితో అయిపోలేదు. మా వృత్తిలో దీన్ని డబుల్ రిజిస్ట్రేషన్ అంటాం. 1765లో ఇంగ్లీషువాళ్లు మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర ఫర్మానా రాయించుకున్నారు, సర్కార్లు మావి అని. ఆ చక్రవర్తికి అప్పుడు ఢిల్లీలో అడుగు పెట్టే దిక్కు లేదు, అలహాబాద్‌లో కుంఫిణీ నీడలో ఉన్నాడు, కృష్ణా ఒడ్డున ఉన్న భూమిని రాసిచ్చాడు. ఇక్కడ నిజాం అలీ మండిపడ్డాడు, నాది నువ్వెలా అమ్ముతావని. మరుసటి ఏడు కాండ్రేగుల జోగిపంతులు అనే దుబాసీ మధ్యవర్తిగా హైదరాబాద్‌లో ఒప్పందం కుదిరింది, ఏటా ఇంత పేష్కష్, అంటే కప్పం, కడతామని. అంటే ఒకే భూమికి ఇద్దరు అమ్మకందార్ల దగ్గర రెండు కాగితాలు పుచ్చుకున్నారు, కోర్టుకు పోతే ఏదో ఒకటి నిలబడుతుందని. ఇది నేర్పు, ఒప్పుకోవాలి. ఇప్పటి వెంచర్లవాళ్లు ఇంతకంటే కొత్తగా ఏం కనిపెట్టలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో పొలం దున్నినవాడి వేలిముద్ర ఎక్కడుంది? ఏ కాగితంలోనూ లేదు.

మునగాలకు ఇంగ్లీషు ఇలాకా అయినందువల్ల కొంత మేలు జరిగిందనేవాళ్లున్నారు, అందులో నిజం లేకపోలేదు. నైజాం వైపు తెలుగు బడికి గతి లేని రోజుల్లో ఇక్కడ తెలుగు చదువు నడిచింది. నడిగూడెం కోటలో ఉన్న రాజా నాయని వెంకట రంగారావు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు లేకపోతే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం గానీ, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి గానీ పుట్టేవా అన్నది అనుమానమే. పింగళి వెంకయ్య కూడా నడిగూడెంలో ఉండి పత్తి సాగు మీద ప్రయోగాలు చేశారని మా దగ్గర గర్వంగా చెప్పుకుంటారు. ఆ వెంకయ్య కుర్రతనంలో ఇంగ్లీషు సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా పోయి బోయర్ యుద్ధంలో ఉన్నారని కూడా అంటారు. చూడండి ఎంత దూరం తిరిగి వచ్చిందో. ట్రాన్స్‌వాల్ బంగారం గనులున్న నేల కోసం ఇంగ్లీషువాళ్లు డచ్చి సంతతి బోయర్లతో కొట్టుకుంటే, కృష్ణా జిల్లా పిల్లవాడు తుపాకీ మోశాడు.

కానీ అదే పరగణాలో జమీందారీ పన్నుల మీద, వెట్టి మీద 1930ల్లో రైతులు లేచారు. గ్రంథాలయాలకు చందాలిచ్చిన కోట, రైతుకు మాత్రం కోటే. ఇంగ్లీషు కాగితం జమీందారుకు భరోసా ఇచ్చింది, కౌలుదారుకు కాదు. కాబట్టి అవతలివాడి కంటే ఇవతలివాడు మంచివాడని నేను తీర్పు చెప్పబోవడం లేదు, నిజాం వైపు దేశ్‌ముఖుల సంగతి మా అమ్మమ్మ చెప్పినవి రాస్తే మీ పేజీలు చాలవు.

సరే, సర్కార్లు పోతే పోయాయి, మిగతా తెలంగాణ స్వతంత్రంగా ఉందిగా అంటారు మీ వ్యాసకర్త. ఆయనకు ఒక చిన్న మనవి. ఎల్బీనగర్‌లో మా బస్సు దిగి మెట్రో ఎక్కండి. మొదటి స్టేషన్ విక్టోరియా మెమోరియల్. ఇంగ్లాండు రాణి. అక్కణ్ణుంచి మూడో స్టేషన్ మూసారాంబాగ్. ముస్యె రేమండ్ అన్న ఫ్రెంచి పేరు మన జనం నోళ్లలో నలిగి నలిగి మూసారాం అయింది. పది నిమిషాల ప్రయాణంలో రెండు సామ్రాజ్యాలు, మధ్యలో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు.

రేమండ్ నిజాం అలీ దగ్గర పనిచేస్తూ పద్నాలుగు, పదిహేను వేల మంది సిపాయిల దళం తయారు చేశాడు, గన్‌ఫౌండ్రీ అని ఇప్పటికీ పిలిచేచోట తోపులు పోయించాడు. 1798 మార్చి 25న చనిపోయాడు. అదే ఏడు జులైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. ఈజిప్టెక్కడ, హైదరాబాదెక్కడ? కానీ ఆ కబురు ఇక్కడికి చేరకముందే కలకత్తాలో ఉన్న గవర్నర్ జనరల్ వెల్లస్లీకి నిద్ర పట్టలేదు, ఫ్రెంచివాళ్లు సముద్రం దాటి వచ్చి టిప్పుతో కలిస్తే, హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెంచి దళం కూడా తోడైతే ఏంటి పరిస్థితి అని. సెప్టెంబరు 1న నిజాంతో ఒప్పందం, అక్టోబరు 22న ఫ్రెంచి దళం చేతుల్లోంచి తుపాకులు తీసేసుకున్నారు. జీతాలు బాకీ ఉన్న సిపాయిలు అప్పటికే తమ ఆఫీసర్ల మీదే తిరగబడి ఉన్నారట, అందుకే పెద్దగా రక్తపాతం లేకుండా అయిపోయింది. మరుసటి ఏడాదికి టిప్పు కూడా లేడు.

ఆ ఒప్పందం ప్రకారం ఇంగ్లీషు సైన్యాన్ని మన దగ్గర ఉంచుకుని మనమే పోషించాలి, ఏటా 24 లక్షల రూపాయలకు పైనే. కాపలావాడిని వాళ్లు పెడతారు, జీతం మనం ఇవ్వాలి, మన మాట మాత్రం వినడు. రెండేళ్లకే, 1800లో, ఆ ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు శాశ్వతంగా రాసిచ్చారు. టిప్పుతో యుద్ధాల్లో వాటాగా వచ్చిన భూమే అది, వాటా తెచ్చిపెట్టిన పెద్దమనిషికే తిరిగి వెళ్లింది. దత్త మండలాలు అన్నారు. పేరు చూడండి, ఎవరో ప్రేమగా దత్తత ఇచ్చినట్టు. అప్పటినుంచి అలంపురం వాళ్లకు తుంగభద్ర ఒక నది మాత్రమే కాదు, దాటితే ఇంకొకరి అధికారం.

1853 వచ్చేసరికి ఇంకో సైన్యం, హైదరాబాద్ కాంటింజెంట్, దాని జీతాల బకాయి. ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న బేరారు తాకట్టు. పత్తి పండే నల్లరేగడి అది, మాంచెస్టర్ మిల్లుల కళ్లన్నీ దాని మీదే. నిజాం దివాను సాలార్‌జంగ్ దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని జీవితమంతా తిరిగాడు, 1876లో లండన్ దాకా వెళ్లాడు, మర్యాదలు చేశారు, బేరారు మాత్రం ఇవ్వలేదు. 1902లో వైస్రాయి కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా మార్చాడు. తాకట్టు పెట్టిన పొలం కాస్తా కౌలు పొలం అయిపోవడం, అది కూడా గడువు లేని కౌలు. నా టేబుల్ ముందు కూర్చుని ఎవరైనా ఇలాంటి డాక్యుమెంట్ రాయమంటే, "పెద్దాయనా, ఇంటికెళ్లి కొడుకుల్ని తీసుకుని రా" అని పంపించేస్తాను.

ఇన్ని బిల్లులు కట్టినవాళ్లు ఎవరు? ఖజానాలో డబ్బు ఆకాశం నుంచి పడదు. తాలూకాలు వడ్డీ వ్యాపారులకూ అరబ్బు జమేదార్లకూ తనఖా పడ్డాయి, వాళ్లు రైతు దగ్గర పిండుకున్నారు. తెల్లవాడు మన గడప తొక్కలేదు, నిజమే. గడప బయట నిలబడి బిల్లు లోపలికి పంపించాడు.

ఇప్పుడు ఆఫ్రికా సంగతి. మా మేనల్లుడొకడు బోరుబండి మీద ఆపరేటర్‌గా కాంగోలో, కిన్షాసాలో పనిచేస్తున్నాడు. పోయినేడు వీడియో కాల్ చేసి నది చూపించాడు. కృష్ణా వరదప్పుడు కూడా అంత వెడల్పు నేను చూడలేదు. అవతలి గట్టు మీద మేడలు కనబడుతున్నాయి. "మామా, అది వేరే దేశం. అది కూడా కాంగోనే, దాని రాజధాని అది. ఇద్దరూ లింగాలే మాట్లాడతారు, చుట్టాలు కూడా ఉన్నారు, కానీ పడవ ఎక్కాలంటే పాస్‌పోర్టు, ముద్రలు, లంచాలు" అన్నాడు. నేను వెంటనే, ఒరేయ్ అది మునగాలరా అన్నాను. వాడికి అర్థం కాలేదు.

ఎదురెదురు గట్ల మీద రెండు రాజధానులు ఎందుకున్నాయంటే, 1880లో బ్రాజా అనే ఆయన ఫ్రాన్సు తరఫున వచ్చి ఉత్తర గట్టు మీద మకోకో రాజుతో కాగితం రాయించుకున్నాడు, దక్షిణ గట్టున బెల్జియం రాజు లియోపోల్డ్ తరఫున స్టాన్లీ పాతుకున్నాడు. ఒకటి బ్రాజావిల్, ఇంకోటి లియోపోల్డ్‌విల్, అదే ఇప్పటి కిన్షాసా. స్టాన్లీ మనుషులు ఊరి పెద్దల చేత నిశానీలు వేయించిన ఒప్పందాల్లో నెలకో గుడ్డ ముక్క ఇస్తామన్న షరతులు కూడా ఉన్నాయి. గుడ్డ ముక్కకు భూమి, చాకిరీ హక్కులు. ఆ పెద్దలకు ఆ భాష రాదు. మా దగ్గర చదువు రాని అమ్మకందారు వస్తే దస్తావేజు మొత్తం చదివి వినిపించాలి, వినిపించాం అని రాయాలి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. అంత చేసినా మోసాలు జరుగుతాయి.

1884 నవంబరు 15 నుంచి 1885 ఫిబ్రవరి 26 దాకా బెర్లిన్‌లో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ దగ్గర 14 దేశాలవాళ్లు కూర్చున్నారు, ఆఫ్రికా వాడు ఒక్కడూ లేడు. మీ వ్యాసంలో ఆ గదిలోనే స్కేలుతో ఆఫ్రికా అంతా గీసేశారన్నారు, అది సరి కాదు. గీతలు చాలావరకు తర్వాత ఇద్దరిద్దరుగా కూర్చుని గీసుకున్నవి. బెర్లిన్‌లో తేల్చుకున్నది రూల్సు. అందులో ఒకటి నాకు బాగా నచ్చింది, నచ్చింది అంటే మా వృత్తి భాషలో ఉందని. తీరంలో కొత్తగా భూమి నాది అంటే చాలదు, మిగతావాళ్లకు నోటీసివ్వాలి, నీ అధికారం అక్కడ నిజంగా నడుస్తుండాలి. అంటే కబ్జాలో ఉండాలి. కబ్జా చూపించమంటే ఏం జరుగుతుందో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు, రాత్రికి రాత్రి కడీలు పాతుతారు. అదే జరిగింది, పదిహేనిరవై ఏళ్లలో ఖండం అయిపోయింది.

లియోపోల్డ్‌కు దక్కింది తన దేశానికి డెబ్భై రెట్లు మించిన భూమి, బెల్జియానికి కాదు, సొంత ఆస్తి. ఒక్కసారి కూడా అక్కడికి పోలేదు ఆ మహానుభావుడు. రబ్బరు కోటా తేకపోతే చేతులు నరికిన సంగతి మీరు రాశారు, మళ్లీ ఎందుకు. కానీ అది బయటపడిన తీరు రాయలేదు. మోరెల్ అని, లివర్‌పూల్ షిప్పింగ్ కంపెనీలో గుమాస్తా. ఆంట్‌వర్ప్ రేవులో లెక్కలు చూసేవాడు. వచ్చే ఓడల నిండా రబ్బరు, ఏనుగు దంతం. పోయే ఓడల్లో తుపాకులు, తూటాలు. వ్యాపారమైతే కొన్నదానికి బదులు సరుకు పోవాలి కదా, పోవడం లేదు. అంటే అక్కడ ఎవరికీ డబ్బు ఇవ్వడం లేదు, బలవంతపు చాకిరీ అని లెక్కల పుస్తకంలోంచి పట్టుకున్నాడు. ఉద్యోగం వదిలేసి పోరాడాడు. 1904లో బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ నివేదిక, 1908లో లియోపోల్డ్ చేతిలోంచి కాంగో తీసేయడం, అన్నిటి వెనకా ఒక గుమాస్తా అనుమానం ఉంది. గుమాస్తాల గురించి ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నాను.

ఫషోదా గురించి కూడా ఒక మాట. 1898లో ఫ్రెంచి అధికారి మార్షాన్ పడమటి తీరం నుంచి అడవులు, బురదలు దాటి, ఒక పొగపడవను ముక్కలు చేసి మోయించుకుంటూ, రెండేళ్లు నడిచి జులైలో నైలు ఒడ్డున ఫషోదా చేరాడు. సెప్టెంబరులో ఇంగ్లీషు సేనాని కిచనర్ ఉత్తరం నుంచి వచ్చాడు, అంతకు రెండు వారాల ముందే ఆమ్‌దుర్మాన్‌లో మాక్సిమ్ గన్లతో ఒక్క పొద్దులో పదివేల మంది సూడాన్ వాళ్లను చంపి. ఇద్దరూ కలిశారు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. కూర్చుని మందు తాగారు, చాలా మర్యాదగా మాట్లాడుకున్నారు. లండన్, పారిస్ పత్రికల్లో మాత్రం యుద్ధమే అన్నంత టెన్షన్. చివరికి ఫ్రాన్సు వెనక్కి తగ్గింది. ఆ ఊరు షిల్లుక్ ప్రజలది, వాళ్ల రాజు అక్కడే ఉన్నాడు, ఆయన కూడా ఒక పక్షం అని ఎవరికీ తోచలేదు. తర్వాత 1904లో స్నేహం కుదిరాక ఫ్రెంచివాళ్ల మనసు నొచ్చుకోకుండా ఉండటానికి ఇంగ్లీషువాళ్లు ఆ ఊరి పేరే కొడోక్ అని మార్చేశారు. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది, అదైనా ఆ రాజ్యాన్ని ఏలుతున్న ఆరో నిజాం పేరు. వీళ్లు పక్కవాడి పరువు కోసం మూడోవాడి ఊరి పేరు చెరిపేశారు.

1904 ఏప్రిల్ 8 నాటి ఆ స్నేహపత్రం సారాంశం ఏమిటంటే, ఈజిప్టులో నీ జోలికి నేను రాను, మొరాకోలో నా జోలికి నువ్వు రావద్దు. దాంట్లో రహస్య షరతులు కూడా ఉన్నాయి, అవి 1911లో గానీ బయటికి రాలేదు. ఈజిప్టు ఇంగ్లాండుది కాదు, మొరాకో ఫ్రాన్సుది కాదు. నా అనుభవంలో ఇలాంటిదే ఒకటి చూశాను, చెబుతాను. భర్త పోయిన ఒకావిడ పొలం మీద ఇద్దరు మరుదులు ఏళ్ల తరబడి తగువు పడి, తలలు పగలగొట్టుకుని, ఆఖరికి పెద్దమనుషుల్లో రాజీ అయ్యారు. రాజీ కాగితం రాయమని నా దగ్గరికి వచ్చారు, తూర్పు సగం నీది, పడమటి సగం నాది. ఊరంతా సంతోషం, గొడవ తీరిందని. ఆవిడ మా షాపు బయట బెంచీ మీద కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుని ఉంది, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేను రాయనన్నాను. వేరే చోట రాయించుకున్నారు, రాసేవాడు ఎప్పుడూ దొరుకుతాడు. మరుసటి సంవత్సరం ఆ పొలంలో పత్తి పెట్టారు. మొరాకో పేరు చదివినప్పుడల్లా నాకు ఆ బెంచీ గుర్తొస్తుంది.

ఆ పంపకంలో నా వాటా ఏదని జర్మనీ అడిగింది, 1905లో జర్మనీ చక్రవర్తి కైజరు మొరాకోలోని టాంజియర్‌లో దిగాడు, 1911లో అగాదీర్ రేవుకు యుద్ధనౌక పంపాడు. నోరు మూయించడానికి ఫ్రాన్సు తన కాంగోలోంచి ఒక పెద్ద ముక్క కోసి జర్మనీ కామెరూన్‌లో కలిపింది. మొరాకో తగువుకు కాంగోలో చెల్లింపు. మూడేళ్లకు మహాయుద్ధం వచ్చింది, దానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, నేను అంత దూరం పోను. ఆ యుద్ధానికి నిజాం గుర్రపు దళం కూడా పాలస్తీనా దాకా పోయింది, ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ వాళ్లకు గుర్తు. నిజాంకు 1918లో బిరుదులు వచ్చాయి, అందులో ఒకటి బ్రిటిష్ ప్రభుత్వ నమ్మకమైన మిత్రుడు అని. బిరుదు హైదరాబాద్‌కు వచ్చింది, దాని ఖర్చు తాలూకాల్లో రాశారు.

కాబట్టి అయ్యా, తెలంగాణ ఆ పోటీకి దూరంగా ఉంది అన్న వాక్యాన్ని సవరించమని కోరుతున్నాను. సవరణ మూల ఎక్కడో చిన్న అక్షరాల్లో వేసినా చాలు. వీలైతే 1956కు ముందటి జిల్లాల పటం ఒకటి సంపాదించి, నల్లగొండ పొట్టలో కృష్ణా జిల్లా ముక్క ఎలా ఉందో పిల్లలకు కనబడేలా వేయండి. మా ఇంట్లో సెంట్ల కాగితం, గుంటల కాగితం పక్కపక్కన పెట్టి ఫొటో తీయడానికి మీ విలేకరి వస్తానంటే ఎప్పుడైనా రావచ్చు, ఆదివారం తప్ప. కిన్షాసా గట్టు మీద నిలబడి బ్రాజావిల్‌ను మా వాడు తీసిన ఫొటో కూడా ఉంది. మబ్బుగా ఉండి సరిగా రాలేదు, మళ్లీ తీయమని చెప్పాను.

ఇట్లు,
ఒక డాక్యుమెంట్ రైటర్,
కోదాడ, సూర్యాపేట జిల్లా (పాత నల్లగొండ)